మత్స్యశాఖామాత్యులకు కొత్తపట్నమునుండి ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మత్స్యశాఖామాత్యులవారి సముఖమునకు,

అయ్యా,

ప్రభుత్వముతో మాటలాడుట మా ఊరికి క్రొత్త కాదు. 1937 వేసవిలో ఈ సముద్రతీరముననే రాజకీయ పాఠశాల నడిపిన యువకులు నాటి ప్రభుత్వపు నిషేధాజ్ఞను లెక్కచేయక లాఠీదెబ్బలు తిని, మా ఊరిపేరును చరిత్రపుటలకు ఎక్కించిపోయిరి. వారివలె ధిక్కారము చూపుటకు గాని, వారు కోరినంత పెద్ద వస్తువును కోరుటకు గాని నేనీ లేఖ వ్రాయుట లేదు. పల్లెటూరి పాఠశాలలలో జీవశాస్త్రము చెప్పి, ప్రస్తుతము ఇంటిపట్టున నున్న ముసలి ఉపాధ్యాయుడను నేను. ప్రస్తావింపబోవునది చేపలను గూర్చి. అందును, అంగడిలో తూకమునకు వచ్చు శీలావతి, బొచ్చెలను గూర్చి కాక, పిలువని పేరంటముగా మన నీళ్ళలోనికి వచ్చి కూర్చున్నదొకటియు, మన కాళ్ళక్రిందనే ఉన్నదో లేదో మనమింతవరకు సరిగా తొంగిచూడనిది మరియొకటియునైన రెండు తెగల చేపలను గూర్చి.

మొదటిదాని జన్మభూమి దక్షిణ అమెరికా. ఆ మాట చెప్పగానే, పరదేశపు ప్రాణి గనుక తరిమివేయవలెనని కోరు ఛాందసునిగా నన్ను భావింపవలదు. ఆ పశ్చిమఖండములకు గుంటూరు, ప్రకాశము జిల్లాలు పడియున్న ఋణము అంతింతని చెప్పరానిది. మన కళ్ళములలో ఎర్రని తివాచీ పరచినట్లు ఎండు మిరపకాయ పోర్చుగీసువారి ఓడలతో పదునారవ శతాబ్దమున వచ్చిన అమెరికా మొక్క. నల్లరేగడిలో నేడు విరివిగా పండు ప్రత్తి మెక్సికో ప్రాంతపు జాతి. ఒంగోలు, కందుకూరుల చుట్టుపట్ల బ్యారన్లలో కాగు పొగాకు అటనుండి దిగినదే. తీరము వెంబడి ఉప్పునీటి చెరువులలో ఏరేటర్ల చప్పుడు నడుమ పెరుగు వనామి రొయ్య మెక్సికో మొదలు పెరూ ఉత్తరభాగము వరకు గల పసిఫిక్ తీరమునకు చెందినది. కారము లేని గోంగూర పచ్చడిని ఊహింపజాలని నేను, అమెరికా అన్నమాత్రమున ఉలికిపడుట న్యాయము కాదు.

అయితే మిరప మొక్క రైతు నాటినచోట పెరిగి, పీకివేసినచోట వాడిపోవును. నీటిలోనికి వదలిన ప్రాణి సంగతి వేరు. వదలుట మన చేతిలోనిది గాని, మరల పట్టుట మన చేతిలోనిది కాదు. కాలువలను క్రమ్ముకొన్న గుర్రపుడెక్క ఆమెజాను ప్రాంతపు ఊదాపూల మొక్కయే గదా; దాని అందమునకు ముచ్చటపడి ఎవరో తెచ్చిరి; ఆ ముచ్చటకు మన కాలువలు నేటికిని వడ్డీ కట్టుచునే యున్నవి.

ఇక చేప మాట. చెరువుల రైతులు దీనిని దెయ్యం చేప అందురు. అక్వేరియం దుకాణములవారు సక్కర్ అనియు, ట్యాంక్ క్లీనర్ అనియు పేర్లు పెట్టి అమ్ముదురు. శాస్త్రజ్ఞులు దీనికిచ్చిన ప్రజాతి నామము టెరిగోప్లిక్థిస్. మన వాలుగకు, జెల్లకు, ఇంగిలాయికి దూరపు చుట్టమైన మీసాల చేపయే గాని, ఇది పుట్టిన లోరికారిడే కుటుంబము వేయికి పైబడిన జాతులతో ఆ మీసాల చేపల కుటుంబములన్నిటిలోను పెద్దది. దక్షిణ అమెరికా నదులలో ఏ రాయి బోర్లించినను, ఏ దుంగను కదపినను, ఈ వంశమువాడొకడు అంటుకొని యుండును.

దీనిని నేను దగ్గరగా చూచినది మా వీధిలోనే. ఒకరి ఇంట గాజుతొట్టిలో పెంచుటకు తెచ్చినప్పుడు బొటనవ్రేలంత యున్నదట. ఏండ్లు గడచుసరికి ఆ ఇంటి పిల్లవాని మోచేయంత పొడవున ఎదిగి, మెసలుటకు చోటుచాలక గాజుకు తల బాదుకొనుచుండెను. వాడు నా కడకు వచ్చి, "మాస్టారూ, పాపం, దీన్ని కాలవలో వదిలేస్తే బతికిపోతుంది కదండీ?" అని అడిగినాడు. బ్రతుకును నాయనా, నిక్షేపముగా బ్రతుకును; చిక్కంతయు అచ్చటనే యున్నది. వాని ప్రశ్నలో కరుణ తప్ప దోషము లేదు. కాని దేశదేశములలో ఈ చేపను నదుల పాలు చేసినది ఇట్టి కరుణయే.

ఆనాడు దానిని తడిగోనెమీద పరుండబెట్టి ఇద్దరము పరీక్షించితిమి. ఒడలంతయు పొలుసులకు బదులు ఎముకపలకలు, పెంకుటింటి కప్పువలె ఒకదాని అంచుపై మరియొకటి వరుసలు వరుసలుగా పరచియున్నవి. తలనుండి తోకకు వ్రేలు జార్చినచో జారిపోవును. తోకనుండి తలకు త్రోసినచో సన్నని ముండ్లు చర్మమును గీరును. ప్రక్కరెక్కల మొదటి ముల్లు ఎంత బిరుసనగా, చేప దానిని బిగించిన పిమ్మట వంచుట నా తరము కాలేదు. విసురువలలో పడినచో వలకళ్ళనుండి దీనిని విడిపించుటకంటె వలను కోయుట సులువని జాలరులేల చెప్పుదురో అప్పుడు బోధపడినది. తల అడుగుభాగమున గుండ్రని పెదవులతో నోరు. ఆ పెదవులతో రాతిని పీల్చి పట్టుకొని, వాని నడుమనున్న సన్నని పండ్లతో పాచిని గోకి తినును. అన్నిటికంటె వింత దాని కన్ను. వెలుతురు పడగానే పైనుండి నల్లగ్రుడ్డుమీదికి ఒక చిన్న తెర జారి, గుండ్రని పాపను సన్నని వంపుగా మార్చివేసినది; గదిలో దీపమార్పిన కొంతసేపటికి ఆ తెర మరల ముడుచుకొన్నది. పిల్లవాడు దీపమును ఎన్నిమారులు వెలిగించి ఆర్పెనో లెక్కలేదు.

ఇంతసేపు నీరు లేక అది చచ్చిపోదా యని మీరడుగవచ్చును. నీటిలో ప్రాణవాయువు తరిగినపుడు ఇది పైకి వచ్చి గాలిని మ్రింగును. రక్తనాళములు దట్టముగా అల్లుకొన్న దాని పొట్టయే ఊపిరితిత్తి పనిని నిర్వహించును. తేమ తగులుచున్నచో నీటివెలుపల ఒక పగలు, ఒక రాత్రి దాటినను నిలువగలదని పరిశోధకులు వ్రాసియున్నారు. మురుగునీటిలో ఇతర చేపలు తెల్లబారి తేలినపుడు ఇది అడుగున నిశ్చింతగా పాచి నాకుచుండుటకు మూలమీ పొట్టయే.

అయినను, దీని అసలు బలము పొట్టలో గాని కవచములో గాని లేదు; సంసారపద్ధతిలో నున్నది. మగచేప గట్టుమట్టిలో మీటరు లోతునకు, కొన్నిచోట్ల అంతకు మించియు, సొరంగమును త్రవ్వును. ఆడుది అందు గ్రుడ్లను పెట్టి తన దారిని పోవును. పిల్లలు వెలుపలికి వచ్చువరకు మగది ద్వారమునకు అడ్డముగా నిలిచి కావలి కాయును. వేసవిలో నీరు దిగిపోయినను ఆ సొరంగముల తేమలోనే కాలక్షేపము చేయును. పుట్టినచోట దీనిని తిను మొసళ్ళు, నీటిపిల్లులు, పెద్ద చేపలు దీనిని అదుపులో నుంచినవి; మన చెరువులో ఈ కవచమును కొరుకుటకు సాహసించు ప్రాణి ఏది? కొరమీను సైతము ఒకసారి నోటబట్టి ఉమ్మివేయవలసినదే.

మెక్సికోలో బల్సాస్ నదిమీద కట్టిన ఇన్ఫియెర్నిల్యో జలాశయము ఒకప్పుడు తిలాపియా పట్టుబడికి ఆ దేశముననే పేరుగన్నది. ఈ చేప అందు నిండిన పిమ్మట వలలలో పడునది ముప్పాతికమువంతు ఇదియే యగుటయు, వలలు చినుగుటయు, పడవలు ఒడ్డెక్కుటయు వరుసగా జరిగినవి. ఆ దేశపు చియాపాస్ నదులలో పరిశోధించినవారు మరియొక సూక్ష్మమును కనిపెట్టిరి. ఇంత ఎముకకవచమును కట్టుకొనుటకు భాస్వరము విస్తారముగా కావలెను. ఆ నదులలో భాస్వరమే అరుదైన వస్తువు. వేలకొలది చేపలు దానిని తమ ఒంటిమీదికి ఎక్కించుకొని సంవత్సరములకొలది బ్రతికియుండగా, దానిమీద ఆధారపడిన తక్కిన జీవరాశికి పస్తు తప్పదు. చేప చేపను తినుటయే నష్టమని భావించు మనకు ఇది ఊహకందని చోరత్వము.

మెక్సికో సంగతి మనకేల యందురా? హైదరాబాదులోని సీసీఎంబీవారి లాకోన్స్ ప్రయోగశాలవారు ఇటీవల తూర్పుకనుమలలోని జలాశయములనుండి నీటిని తెచ్చి పరీక్షించిరి. చేప తన ఒంటిజిగురును, మలమును, రాలిన కణములను నీటిలో వదలుచుండును. ఆ కణములలోని డీఎన్ఏను గుర్తించినచో, చేపను కంటితో చూడనక్కరలేకయే అది అచ్చట నున్నదని చెప్పవచ్చును. అట్లు చూడగా సుమారు 60 శాతము జలాశయములలో ఈ చేప జాడ కనబడినది. చాపక్రింద నీరన్న మాటను ఇంతకంటె యథార్థముగా వాడదగిన సందర్భము నాకు తోచదు.

మన పల్నాడు, ప్రకాశము పల్లెల చెరువుల మాట ప్రత్యేకముగా విన్నవించుకొందును. వేసవి త్రాగునీటికై సాగర్ కుడికాలువ నీటితో ఊరూర నింపుకొను చెరువులకు గట్లు రేగడిమట్టివి. ఎండలకు నెర్రెలువారుటయు, తొలకరికి మూసికొనుటయు వాని స్వభావము. పీతబొరియ, ఎలుకబొరియలకే తూముల దగ్గర గండ్లు పడు ఈ గట్లలో మీటరు లోతు సొరంగములు వందలకొలది ఏర్పడినచో ఆ కట్టలను మీ నీటిపారుదల శాఖామాత్యులవారు ఏ పద్దుక్రింద పూడ్పింతురో నాకు తెలియదు. కాలువ నీటితో ఏమేమి చెరువులలోనికి దిగుచున్నదో చూచుటకు తూముకడ నియమితుడైన మనుష్యుడు ఎచ్చటను లేడు.

గుండ్లకమ్మనే తీసికొనుడు. నల్లమలలో పుట్టి, విజయనగరపు రాకుమార్తె వరదరాజమ్మ కట్టించినదని చెప్పుకొను కంభము చెరువును నింపి, అద్దంకి మీదుగా దిగి, మల్లవరము ప్రాజెక్టులో ఆగి, మా తీరమున సముద్రము చేరు ఈ ఏటిలో ఎగువనెచ్చటనో ఒక తొట్టిని కుమ్మరించినచో, దాని ఫలితము దిగువకు నడచి వచ్చుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. 2022 ఆగస్టులోను, 2023 డిసెంబరులోను మల్లవరము గేట్లు కొట్టుకొనిపోయి నీరు సముద్రము పాలైనపుడు, జలాశయములోని చేప లంకలకు, మడుగులకు పారి, చుట్టుపట్ల జనము పండుగ చేసికొన్నారు. అప్పుడు పోయినవి బొచ్చెలు, శీలావతులు. ఒకవేళ మరియొకటి ఉన్నచో అదియు అట్లే పోయెడిది. ఉప్పునీరు అడ్డుకొనునని ధైర్యము చెప్పువారు కలరు; సముద్రపు ఉప్పదనములో నాలుగవవంతుకు పైబడిన నీటిలో సైతము ఈ చేప దినములకొలది నిలుచుట మెక్సికోలో పరిశోధకులు పరీక్షించి చూచినదే. వానకాలమున మా బకింగ్‌హాం కాలువలో నీరు అంతకంటె చప్పనగా నుండును. ఒక ఏటి ముఖమునుండి మరియొక ఏటి ముఖమునకు అది తెరచియుంచిన బాట.

ఇంతవరకు ఆలకించి, "సరే, నిషేధింతము" అని మీరనవచ్చునని నా భయము. నిషేధము యొక్క మహిమను మనమెరుగనిది కాదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను కేంద్రప్రభుత్వము 2000లోనే నిషేధించినది. కోళ్ళ వ్యర్థములు వేసి దానిని పెంచు చెరువులను అధికారులు నేటికిని కనిపెట్టుచు, గండ్లు కొట్టించుచునే యున్నారు. ఆమెజాను, ఒరినోకో నదుల రూప్‌చంద్ చేప ఈ శతాబ్దారంభమున బంగ్లాదేశము మీదుగా దొంగదారిన వచ్చి, మన చెరువులలో స్థిరపడి, ఇప్పుడు ఇగురు కూరకు ఎముక తక్కువ చేపయని అంగడిలో పేరు తెచ్చుకొన్నది. మొదట దొంగతనము, పిమ్మట అలవాటు, తుదకు ప్రోత్సాహము. ఈ వరుస మంచిది కాదు. ఇంకొక్క మాట, కొంచెము చేదైనది: దోమల నిర్మూలనకని ప్రభుత్వోద్యోగులే కుంటలలో వదలుచున్న గంబూసియా కూడ అమెరికా జాతియే, 1928లో ఇటలీనుండి దేశమునకు దిగినది; దోమపిల్లలతోపాటు కప్పపిల్లలను, చిరుచేపల గ్రుడ్లను అది మ్రింగునని ప్రపంచమంతట తెలిసి చాలకాలమైనది. నడినెత్తిన వెండిచుక్కతో నీటిపై తిరుగు మన చిన్న పాంచాక్స్ చేప ఆ పనిని ఉచితముగా చేయుచుండగా పొరుగుదాని కేల కూలి ఇవ్వవలెను?

కావున నేను కోరునది ఇంకొక కాగితపు నిషేధము కాదు. ప్రభుత్వమునకు పద్ధతి తెలియదని కాదు. వనామి రొయ్య విషయమున ఆ పద్ధతిని పాటించియే యున్నది. 1990 దశకమున టైగరు రొయ్యతో తీరమంతయు ఊగిపోయి, తెల్లమచ్చ తెగులుతో ఒక్కరాత్రిలో చెరువులు ఎర్రబారి, భూములమ్ముకొన్నవారిని నేను ఇదే ఊళ్ళో చూచియున్నాను. 1996 డిసెంబరులో తీరపు రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టము వచ్చినది. ఆ దెబ్బలు తిన్న తరువాతనే 2009లో వనామి సాగునకు అనుమతి యిచ్చునపుడు, వ్యాధిరహితమని ధ్రువపడిన తల్లిరొయ్యలను మాత్రమే, గుర్తింపు పొందిన సంస్థలనుండి తెప్పించి, చెన్నై నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రమున నిలిపి, పరీక్షించి, హేచరీలకు పంపవలెనను నియమమును పెట్టిరి. ఆ నియమము అన్నిచోట్ల అక్షరాల నడచినదని నేననను. కాని ఒక తలుపు ఉన్నది, తలుపునకు కావలి ఉన్నది. డాలర్లు తెచ్చు రొయ్యకు ఉన్న తలుపు, నూరు రూపాయలకు ప్లాస్టిక్ సంచిలో కట్టి యిచ్చు చేపకు లేకపోయినది. చెన్నై కొళత్తూరునుండియు, కలకత్తానుండియు రైళ్ళలో, బస్సులలో వచ్చు ఆ సంచులను ఏమున్నదని విప్పి చూచువారు లేరు; పైగా ప్రధానమంత్రి మత్స్యసంపద యోజన క్రింద అలంకారచేపల పెంపకమునకు రాయితీ కూడ కలదు. రాయితీ ఇచ్చు చేతితోనే ఒక జాబితాను కూడ ఇచ్చుట కష్టము కాదు.

రాష్ట్రమునకు 2020లో ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీ (అప్సడా) చట్టము వచ్చినది; హేచరీలు, మేతల దుకాణములు, చెరువులు దాని క్రింద నమోదగుచున్నవి. అలంకారచేపల అమ్మకమును కూడ ఆ గొడుగు క్రిందికి తెచ్చి, ఏ జాతిని అమ్ముచున్నారో, అది ఎంత పొడవున ఎదుగునో, కొనువానికి తెలుగులో వ్రాసి యిచ్చుట విధిగా చేయింపుడు. బొటనవ్రేలంత చేప మోచేయంత యగునని ముందే తెలిసినచో మా వీధి పిల్లవాని తండ్రి దానిని కొనియుండెడివాడు కాడు. ఇంతకును ఆ చేప ఇప్పుడు వారి పెరటిలోని సిమెంటు తొట్టిలో నున్నది. అధికారికముగా అప్పగింపదగిన చోటు ఇదియని చెప్పగలవాడు నాకు దొరకలేదు. జిల్లాకొక కార్యాలయమున ఒక తొట్టి యుంచి, "పెంచలేనివారు ఇచ్చట ఇచ్చిపోవచ్చును, కేసు లేదు, జరిమానా లేదు" అని ఒక బోర్డు వ్రేలాడదీసినచో కాలువలోనికి పోవునవి సగమైనను ఆగును. కాలువలలో చేపలు పట్టి జీవించు యానాదులకు, బెస్తలకు ఈ చేపను గుర్తించుట, వలలో పడినపుడు మరల నీటిలోనికి విసరక గట్టున పూడ్చుట నేర్పవలెను. వారి కన్ను మీ డిజిటల్ పటములకంటె ముందు చూచును. చేపకింత యని బహుమానము మాత్రము ప్రకటింపవలదు. బహుమానమున్నచోట దానిని దాచి పెంచువాడు పుట్టుట ఖాయము.

ఇక రెండవ తెగ. దెయ్యం చేప కుటుంబముననే, దానికి పూర్తిగా భిన్నమైన నడవడి గల దాయాది యొకటి కలదు. బ్రెజిల్ దేశపు గొయాస్ రాష్ట్రమున సున్నపురాతి గుహలలో ప్రవహించు ఏళ్ళలో ఆన్సిస్ట్రస్ క్రిప్టాఫ్థాల్మస్ అను చిన్నచేపను 1987లో రేయిస్ అను శాస్త్రజ్ఞుడు లోకమునకు ఎరుకపరచెను. అదే పీల్చు నోరు, అవే ఎముకపలకలు; కాని కన్నులు కుంచించుకొనిపోయి, రంగు వెలిసిపోయియున్నవి. వెలుతురు లేనిచోట పాచి మొలవదు. వరద మోసికొనివచ్చిన కుళ్ళిన ఆకు, గబ్బిలముల పెంట, బురదలోని సూక్ష్మజీవులు, ఇవియే దాని భోజనము. ఒక గుహను విడిచి మరియొక గుహకు పోవుటకైనను శక్తిలేని ప్రాణి. ఒకే వంశమున ఒకటి లోకమునంతయు ఆక్రమించుచుండగా మరియొకటి ఒక బిలములో ఇమిడి, ఆ బిలపు నీరు చెడినచో నామరూపములు లేక పోవును.

గుహలో కన్నెట్లు పోవునను ప్రశ్నకు మెక్సికో గుహల ఆస్టియానాక్స్ చేప సమాధానము చెప్పినది. గ్రుడ్డులో దాని పిండమునకు అన్ని చేపలవలెనే కన్ను మొలకెత్తును. కాని త్వరలోనే కంటి కటకములోని కణములు తమంత తామే చనిపోవుటచే, కటకముతోపాటు కన్నంతయు కృశించి చర్మము క్రింద కప్పబడును. 2000లో యమమోటో, జెఫ్రీ అను శాస్త్రజ్ఞులు వెలుతురులో నుండు అదే జాతి చేపపిండము నుండి కటకమును తీసి గుహచేప పిండమునకు ఒకవైపున అమర్చిరి. ఆ వైపున కన్ను పెరిగినది! తరతరములుగా చీకటిలో మ్రగ్గిన ఆ శరీరము కన్నును నిర్మించు విద్యను మరువలేదన్నమాట. నా బోధనాకాలమున ఇంతటి చక్కని ప్రయోగము పాఠ్యపుస్తకములలో లేకపోయెనే యని నేటికిని నాకు బాధగా నుండును.

గుహలు లేనిచోట ఇట్టి ప్రాణులుండవని తలపరాదు. ఆమెజాను ముఖద్వారమున గ్రామస్థులు చేత త్రవ్విన బావులలో దొరకిన ఫ్రియాటోబియస్ అను ఎర్రని మీసాల చేపను 1905లో గోల్డీ వర్ణించెను. 1950లో మన దేశమున, కొట్టాయము బావులలో, వ్రేలి పొడవైన లేని, కన్నులే లేని, రక్తవర్ణము గల హొరగ్లానిస్ చేపను ఎ. జి. కె. మీనన్ వర్ణించెను. భూగోళమునకు రెండు వైపుల, ఒకదానికొకటి ఎరుగని రెండు బావులలో, ఒకే తీరు ఎర్రని చేపలు! కేరళ శాస్త్రజ్ఞులు తరువాత ఒక మంచి పని చేసిరి. ఇంటింటి బావులలో, నీటితొట్లలో ఇట్టి చేప కనబడినచో తెలుపుడని జనమును కోరిరి. గృహిణులు, బావులు త్రవ్వువారు తెచ్చి యిచ్చిన నమూనాలలోనుండి 2023లో మరియొక క్రొత్త జాతి బయలుపడినది. ప్రజల పేరుననే దానికి పోపులి అని నామకరణము చేసిరి. మనకు దాపుననే, బస్తరులోని కుటుంసర్ గుహలో కన్నులు క్షీణించిన చిరుచేప కలదు.

మన ఆంధ్రదేశపు భూగర్భజలములు నిర్జీవములని ఎవరైనను అన్నచో నాగార్జున విశ్వవిద్యాలయపు ఆచార్య యేనుముల రంగారెడ్డిగారి కృషిని చూపవలెను. గుంటూరు సీమ బోర్లలో, ఏటి ఇసుకలలో కంటికానని రొయ్యజాతి సూక్ష్మప్రాణులను ఆయన, ఆయన శిష్యులు ఎన్నింటినో వెలికి తీసిరి. 2011లో ప్రకటించిన ఒక ప్రజాతికి ఆంధ్రకాయిడీస్ అని మన దేశపు పేరే నిలిచినది. గోండ్వానా ఖండము విడిపోకముందటి చుట్టరికములు గల ప్రాణులవి. కోట్ల సంవత్సరములుగా మన కాళ్ళక్రింద కాపురమున్న స్థానికులు.

మా ఊరి ఇసుకలో దొరువులున్నవి. చవిటి నేలకు, సముద్రమునకు నడుమ తీయని నీరు పలుచని పొరగా నిలిచియుండు చోట ఇసుకను ఏటవాలుగా తవ్వి, దిగి, కుండలు ముంచి మళ్ళు తడుపుట మా పెద్దల సేద్యము. ఇప్పుడు కుండకు బదులు ఇంజను వచ్చినది గాని దొరువు దొరువే. ప్రతి వేసవి అడుగు తేలువరకు నీరు తోడి పూడిక తీయుదురు. ఆ అడుగుబురదను జల్లెడలో వేసి కడిగి చూచినవారిని నేనింతవరకు ఎరుగను. చేపయే దొరకునని నేను పందెము కట్టను. మా ఇసుక కేరళపు లేటరైటు రాయి వంటిది కాదు. సూక్ష్మప్రాణులు దొరకుట మాత్రము ఇంచుమించు నిశ్చయము. ఒకవైపు బోర్లు తోడుటచే, చెరువుల ఉప్పు దిగుటచే దొరువులు చవిటివగుచున్నవి. మరియొకవైపు ఎగువ రేగడి నేలలలో మిరపకు, ప్రత్తికి చల్లిన మందు వానకు ఇంకి ఎచ్చట తేలునో చెప్పలేము. పేరైనను పెట్టకముందే పోవు ప్రాణులకై ఏ శాఖయు సంతాపము ప్రకటింపదు.

దీనికి కోట్ల పథకము అక్కరలేదు. సన్నని కన్నుల జల్లెడలు, సారాయిద్రవము పోసిన సీసాలు, దారి చూపుటకు నాగార్జున విశ్వవిద్యాలయమునుండి ఒకరిద్దరు విద్యార్థులు, దొరువుల యజమానులకు రెండు పుటల తెలుగు కరపత్రము చాలును. మీ శాఖకు ఊరూర మత్స్యసహాయకులున్నారు. తీరమండలములలో వారికీ పనిని ఒప్పజెప్పవచ్చును. అదే మనుష్యులు, అదే ప్రయాణమున, కాలువలనుండి ఒక్కొక్క సీసాడు నీటిని హైదరాబాదు ప్రయోగశాలకు పంపినచో దెయ్యం చేప ఎంత దూరము వచ్చినదో కూడ తేలిపోవును. పూడికతీత చైత్రవైశాఖములలో ప్రారంభమగును. ఉత్తరువు అంతకు ముందే వచ్చినచో ఈ యేటి బురద వృథాగా గట్టుమీద ఎండిపోకుండును. మా ఊరి దొరువుల జాబితాను, యజమానుల సమ్మతితో, నేనే వ్రాసి యివ్వగలను.

ఇట్లు,
విధేయుడు,
కొత్తపట్నము వాస్తవ్యుడొక విశ్రాంత ఉపాధ్యాయుడు